అప్పన్న కొండకు ఎదురుగా నిలబెట్టిన లారీ

మా ఆయన లారీకి చలేసేది.

నవ్వకండి. మా పుట్టింటివాళ్ళు అప్పట్లోనే చాలినంత నవ్వారు. విశాఖపట్నంలో చలేమిటి, అదీ లారీకి చలేమిటి అని మా నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి క్వార్టర్లలో ఉండిపోయిన మనిషి. కొలిమి దగ్గర పనిచేసేవాడికి చలి సంగతి ఏం తెలుస్తుంది? నేను మాత్రం పెళ్ళి చేసుకుని పెందుర్తి అవతల, కొండ కిందున్న కాలనీకి వచ్చాను. అక్కడ కార్తీకం దాటితే మంచు దిగేది. తెల్లారేసరికి అరుగు మీద పెట్టిన చెంబు ముట్టుకుంటే చెయ్యి వెనక్కి వచ్చేది.

తొంభైల చివర, నా పెళ్ళయ్యాక వచ్చిన రెండో చలికాలం అది. పొద్దున్నే మా ఆయన లారీ ఎక్కి తాళం తిప్పేవాడు. లోపల గరగర గరగర. అంతే. గొట్టంలోంచి పొగ కూడా వచ్చేది కాదు. మళ్ళీ తిప్పేవాడు, మళ్ళీ గరగర. కాసేపటికి బ్యాటరీ కూడా నావల్ల కాదు బాబూ అన్నట్టు మూలిగి ఊరుకునేది. విచిత్రం ఏమిటంటే, అదే లారీ మధ్యాహ్నం పోర్టులో ఒక్క తిప్పుకే లేచేదట. పోర్టులో వరసలో చోటు దొరక్క రాత్రంతా అక్కడే ఉండిపోయిన రోజుల్లో కూడా పొద్దున్నే చక్కగా లేచేదట. "సముద్రం పక్కన ఎచ్చగా ఉంటాది గదా" అనేవాడు మా ఆయన. మేమంతా నిజమే కాబోలు అనుకున్నాం. చలి తప్ప మరో కారణం ఉంటుందని ఒక్కరికీ తోచలేదు.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. మెకానిక్ వచ్చి బ్యాటరీ మార్చమన్నాడు, మార్చాం. సెల్ఫ్ మోటారు విప్పి బాగుచేశాడు. నాజిల్స్ తీసి శుభ్రం చేశాడు. పైపులన్నీ చేత్తో తడిమి, ఎక్కడా డీజిల్ చెమ్మ లేదు, కారడం లేదు అన్నాడు. చివరికి తల గోక్కుని, "ఇంజన్ పనే సెయ్యాలి బావా, పిస్టన్లు పోయుంటాయి" అన్నాడు. మా అత్తయ్య వైద్యం వేరు. రాత్రి పడుకునేముందు లారీ ముక్కు మీద గొంగళి కప్పి, దాని మీద రెండు గోనెసంచులు కప్పేది. బ్యాటరీకి కూడా చలేస్తుందని ఎవరో అంటే, రోజూ రాత్రి దాన్ని విప్పి మోసుకొచ్చి నా వంటింట్లో పొయ్యి పక్కన పెట్టేవారు. పప్పు డబ్బాకీ ఉప్పు జాడీకీ మధ్య లారీ బ్యాటరీ! ఏం కాపురం రా భగవంతుడా అనుకునేదాన్ని. పైకి అన్నాను కూడా. అత్తయ్య వినిపించుకునేది కాదు.

చివరికి రోజూ తోయడమే గతి అయ్యింది.

మా ఇంటి పక్కన ఖాళీ స్థలం ఒకటి ఉండేది. అది కొండ వైపు ఎత్తుగా, వీధి వైపు పల్లంగా ఉండేది. లారీ రాత్రిళ్ళు అందులోనే. పొద్దున్నే మా ఆయన టైర్ల కింద రాళ్ళు తీస్తే అది తనంతట తానే వెనక్కి జారి వీధిలోకి వచ్చేది. వీధి మెయిన్ రోడ్డు దాకా కాస్త వాలు. అక్కడ ముక్కు పల్లం వైపు తిప్పి నిలబెడితే, వీధిలో మగవాళ్ళందరూ వచ్చి వెనక నుంచి తోసేవారు. అందరికంటే ముందు వచ్చేవాడు ఎదురింటి బాబాయిగారు. ఆయన పోర్టులో క్రేన్ నడిపేవాడు, మా కాలనీ చర్చిలో సంఘ పెద్ద కూడా. ఆదివారాలు ఆరాధనకి వేసుకున్న తెల్ల చొక్కాతోనే వచ్చి తోసేవాడు, చొక్కాకి మసి అంటిందని వాళ్ళావిడతో తిట్లు తినేవాడు.

ఇందులో నా పని ఏమిటంటారా? మొదటి రోజు తోసేవాళ్ళు చాల్లేదు. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చుంటే వెనక బలం తగ్గిపోతోంది. నేను కొంగు దోపుకుని తోయడానికి వెళ్ళబోయాను. అత్తయ్య రెక్క పట్టి ఆపేసింది.

"ఓలమ్మీ, కొత్త కోడలు లారీ తోసిందంటే ఈదిలో మన పరువేటి కావాల? నువ్వెళ్ళి లోపల కూకో. ఆడు కిందకొచ్చి తోత్తాడు."

అలా లారీ తోయడం పరువు తక్కువ, నడపడం పరువు తక్కువ కాదు అని మా అత్తయ్య తేల్చేసింది. అంతకు ముందు సైకిలు కూడా తొక్కని దాన్ని నేను. మా ఆయన కిందనుంచి అరిచి అరిచి నేర్పాడు. క్లచ్ తొక్కి పట్టుకోవాలి, రెండో గేరులో ఉంచాలి, బండి ఊపందుకున్నాక ఆయన "ఒగ్గీ!" అని కేక వేస్తాడు, అప్పుడు టక్కున క్లచ్ వదిలెయ్యాలి. మొదటిసారి ఆ కేక విని నేను క్లచ్ బదులు స్టీరింగు వదిలేశాను. లారీ బాబాయిగారి గేటు దాకా వెళ్ళి, గేటుని పలకరించి ఆగింది. గేటుకి తగిలిన సొట్ట చాలాకాలం ఉంది. ఆయన దాన్ని బాగుచేయించలేదు, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు.

వారం తిరిగేసరికి నాకు పని వచ్చేసింది. చెప్పొద్దూ, బాగుండేది కూడా. అంత ఎత్తున కూర్చుంటే వీధంతా కింద కనిపించేది. వెనక నుంచి "హైలెస్సా" అంటూ అరుపులు. ఊపు, ఆ తర్వాత "ఒగ్గీ!" అన్న కేక, నా కాలి కింద నుంచి లారీ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచిన చప్పుడు. గొట్టంలోంచి నల్లటి పొగ బుసబుసమని వచ్చేది. వెంటనే మా ఆయన పరిగెత్తుకొచ్చేవాడు. నేను దిగేదాన్ని, ఆయన ఎక్కేవాడు.

ఎక్కి కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి రోజూ ఒకటే అడిగేవాడు. "సాయంత్రం ఏటి కూర?"

నేనేదో ఒకటి చెప్పేదాన్ని. వంకాయ అనో, ఎండు చేపలు అనో. అది విని నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. అదే మాకు వెళ్ళొస్తానని చెప్పుకోవడం. పెళ్ళికి ముందు ఆయన వేరేవాళ్ళ లారీ మీద లైనుకి వెళ్ళేవాడు. రాయపూరో నాగపూరో వెళితే ఇంటికి ఎప్పుడొచ్చేదీ ఆయనకే తెలిసేది కాదు, ఏ ఊళ్ళో ఏం తినేదీ తెలిసేది కాదు. సొంత బండి కొన్నాకే పోర్టు నుంచి స్టీల్‌ప్లాంటుకి బొగ్గు తోలే పనిలో పెట్టాడు, సాయంత్రానికి ఇల్లు చేరడం మొదలైంది. నన్ను చేసుకున్నది కూడా ఆ తర్వాతే.

రోజూ స్టీరింగు నాది, ప్రయాణం ఆయనది. ఓసారి అడిగాను, "నన్నూ ఒకరోజు పోర్టు దాకా తీసుకెళ్ళండి, ఓడలు చూస్తాను" అని. "ఏటుంటాది సూడ్డానికి, బొగ్గు దుమ్ము తప్ప" అని వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఒకరోజు మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. పోర్టు గేటు దగ్గర లారీలన్నీ తెల్లారేసరికి వరసలో నిలబడాలి. మా లారీ తోయించుకుని వెళ్ళేసరికి రోజూ ఆలస్యమే. అక్కడి సూపర్‌వైజరు, ఇంకోసారి లేటయితే నీ బండి వరసలోంచి తీసేస్తాను అన్నాడట. అందరి ముందూ అన్నాడట. ఆయన అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తూ ఉండిపోయాడు.

"ఎందుకీ బతుకు?" అన్నాడు. "రోజూ ఈదంతా వొచ్చి తోస్తేగానీ కదల్దు. బాబాయ్ లాంటి పెద్దాయన సేత కూడా తోయించుకుంటన్నాను. సిగ్గేస్తంది నాకు. సబ్బవరం నుంచి బ్రోకరొకడు సోమారం పొద్దున్నే వొత్తానన్నాడు. అమ్మీసి మళ్ళీ లైనుకి ఎల్లిపోతాను."

నేను మాట్లాడాను, గట్టిగానే మాట్లాడాను. లైనుకి వెళ్ళేటట్టయితే నన్నెందుకు చేసుకున్నారండీ, ఆ రాయపూర్‌లోనే ఒక దాబా చూసుకుని ఉండిపోవలసింది కదా అన్నాను. అనేసి వంటింట్లోకి పోయి బ్యాటరీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ మర్నాడు లారీ తోసి పంపించాం. ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టలేదు, కూరేమిటని అడగలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతా అడగలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ లారీ రాత్రిళ్ళు ఏ వైపు నిలబెట్టాలి అన్నది మా ఇంట్లో పెద్ద నియమం. ఆ స్థలం ఎదురుగా కనిపించేది సింహాచలం కొండ. లారీ కొన్న రోజు అత్తయ్య దాన్ని కొండ దగ్గరికి తీసుకెళ్ళి పూజ చేయించి, అప్పన్న స్వామికి మాట ఇచ్చింది. "సామీ, ఈ బండి రోజూ పొద్దున్నే నీ మొకం సూసే బయలెల్తాది" అని. అందుకని మా ఆయన ఎంత అలిసిపోయి వచ్చినా సరే, లారీని ముక్కు కొండ వైపు పెట్టి ఎత్తు మీదికి ఎక్కించి, రాళ్ళు పెట్టి మరీ దిగేవాడు. పొద్దున్నే అత్తయ్య వచ్చి లారీ నుదుటికి పసుపు కుంకుమ పెట్టి, కొండకి దణ్ణం పెట్టేది. ఒక్క రోజు కూడా తప్పింది లేదు.

ఆ శుక్రవారం తప్పింది. బాబాయిగారు క్రిస్మస్ ప్రార్థన కూటం పెట్టుకుంటానని ఖాళీ స్థలం అడిగాడు. అక్కడ షామియానా వేశారు. అత్తయ్య కూడా వెళ్ళి ముందు వరసలో కూర్చుని పాటలన్నీ వింది, కేకు తిన్నది. లారీని మాత్రం ఆ రాత్రి వీధిలోనే, మెయిన్ రోడ్డు వైపు ముక్కు పెట్టి ఉంచారు.

శనివారం పొద్దున్నే మామూలుగా అందరూ వచ్చారు. బాబాయిగారు చొక్కా చేతులు మడిచాడు. వెనక పదిమందీ వంగి చేతులు ఆనించారు. తోయించేముందు ఒకసారి అలవాటుగా తిప్పి చూడమంటే నేను తాళం తిప్పాను. బుర్రుమని లేచింది! నేను హడిలిపోయి దాదాపు కిందకి దూకేశాను. వెనక వాళ్ళందరూ వంగినవాళ్ళు వంగినట్టే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తోద్దామని వచ్చినవాళ్ళకి తోయడానికి బండి లేకపోతే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. కొందరికి కాస్త కోపం కూడా వచ్చింది.

"ప్రార్థన అక్కా, ప్రార్థన!" అన్నాడు బాబాయిగారు రెండు చేతులూ పైకెత్తి.

"సాల్లే" అంది అత్తయ్య. "ఇన్నాళ్ళూ మా అప్పన్న సగం తోసి ఉంచినాడు. మిగతా సగం మీ పెబువు తోసినాడు. దానికంత సంబరమేటి?"

శనివారం సాయంత్రం షామియానా విప్పేశారు. లారీ మళ్ళీ కొండకి ఎదురుగా ఎక్కి కూర్చుంది. ఆదివారం తెల్లారింది. గరగర గరగర. పొగ లేదు, ఏమీ లేదు. "మళ్ళీ కూటం పెట్టమంటావా అక్కా?" అని బాబాయిగారు అడిగితే, అత్తయ్య చేతిలో చీపురు చూపించింది. తోసి లేపాం గానీ, మా ఆయన ఆ రోజు పనికి వెళ్ళలేదు. లారీని మళ్ళీ కొండకి ఎదురుగా ఎక్కించి, ఇంజను ఆపేసి అరుగు మీద కూలబడ్డాడు. రేపు బ్రోకరు వస్తాడు, ఇంక ఎందుకు అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బిందె తీసుకుని వీధి చివర బోరింగు దగ్గరికి వెళ్ళాను. కోపమంతా ఆ పిడి మీద చూపించి దబదబా కొడుతున్నాను. ఒక్క చుక్క రాలేదు. వెనకే వచ్చిన అత్తయ్య చెంబు నా చేతికిచ్చింది.

"ఎంత కొట్టినా రాదమ్మీ. రాత్రంతా ఊరుకుంటే నీళ్ళు కిందికి దిగిపోతాయి. లోన వాసరు అరిగిపోనాది గదా. ఓ సెంబుడు పోసి కొట్టు."

రోజూ చేసే పనే అది. చెంబుడు నీళ్ళు పోసి కొడితే గుటగుటమని వస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఇక మధ్యాహ్నం దాకా ఎవరు కొట్టినా వెంటనే వస్తుంది. మళ్ళీ తెల్లారితే ఇదే పాట. నీళ్ళు పోశాను, కొట్టాను, బిందె నిండుతోంది. నేను ఆ బిందె వంక చూస్తూ నిలబడిపోయాను. బిందె నిండి కాళ్ళ మీద పడుతున్నా కదల్లేదు. అత్తయ్య "ఏటైనాది నీకు?" అని భుజం పట్టి ఊపింది.

బిందె అక్కడే వదిలేసి పరిగెత్తాను. లారీ ముందు నిలబడి చూశాను. ఇంజను ముందు, ఎత్తులో. డీజిల్ ట్యాంకు వెనక, పల్లంలో. ఖాళీ స్థలం వాలు అంతా ఆ ట్యాంకు వైపే. శుక్రవారం రాత్రి వీధిలో ఉన్నప్పుడు ముక్కు పల్లంలో ఉంది, ట్యాంకు ఎత్తులో ఉంది. పోర్టులో చదును నేల.

"ఏవండీ, దీనికి చలీ కాదు గిలీ కాదు" అన్నాను. "రాత్రి డీజిల్ వెనక్కి దిగిపోతోంది."

"ట్యాంకు నిండా డీజిలుంటే ఎనక్కెలా దిగుతాది?" అన్నాడు విసుగ్గా.

"బోరింగు కింద భూమి నిండా నీళ్ళే ఉన్నాయి. పైకి రావట్లేదుగా!"

ఆయన నా మొహంలోకి చూశాడు, కొండ వైపు చూశాడు, లారీ వైపు చూశాడు. సైకిలెక్కి మెకానిక్ కోసం వెళ్ళాడు. ఆదివారం పూట మెకానిక్ వస్తాడా? కోడి కూర ముందు నుంచి లేపుకొచ్చాడు. అతను చేతికి మసాలా వాసనతోనే లారీ కింద దూరాడు. కాసేపు సణుగుడు వినిపించింది. తర్వాత పడుకున్న చోటనుంచే పకపకా నవ్వాడు.

"దొరికింది బావా! పంపు కాడ రాగి వాసరు అరిగిపోనాది. డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పీల్చుకుంటాది. అందుకే సెమ్మ కనపడ్లేదు నాకు. పొగ రాట్లేదంటే డీజిలే అందట్లేదని అప్పుడే అనుకోవలసింది. సలి సలి అని మీరందరూ అంటే నాకూ సలే పట్టుకుంది." బయటికి వచ్చి వేళ్ళు తుడుచుకున్నాడు. "వాసరు వన్ టౌన్‌లోనే దొరుకుతాది. ఇయాల షాపులుండవు. రేపు తెచ్చి ఏస్తాను. రాత్రికి మాత్రం బండి తిప్పి పెట్టీ. ముక్కు పల్లానికి, ఎనక కొండకి."

వెనక కొండకి! ఆ మాట విని నేనూ మా ఆయనా ఒకేసారి ఇంటి వైపు చూశాం. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. అంతా విన్నది. మెకానిక్ కూడా పరిస్థితి గ్రహించి కోడి కూర చల్లారిపోతుందని జారుకున్నాడు.

పొద్దున్నే బ్రోకరు వస్తాడు. పాత లారీ కొనేవాడు మొదట చేసే పని బానెట్ మీద చెయ్యి వేసి చూడడం. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని వెనక్కి పోతాడు. చల్లటి ఇంజను ఎలా లేస్తుందో చూసే బేరం ఆడతాడు. నా బెంగ బ్రోకరు గురించి కాదు. ఇన్ని వైద్యాలు చూశాక మా ఆయన వాసరు మాటా పూర్తిగా నమ్మలేదు. మా ఆయన కళ్ళ ముందు, తోసేవాళ్ళందరి ముందు, ఆ లారీ ఒక్కసారి తనంతట తాను లేస్తే ఆయన అమ్మడు. అది నాకు తెలుసు. లేవకపోతే ఆ సాయంత్రానికి లారీ ఉండదు, వారం తిరక్కుండా ఆయనా ఉండడు. కానీ తల్లి మాట కాదని లారీ తిప్పడానికి ఆయనకి చెయ్యి రాదు. ఆవిడని అడగడానికి నోరు రాదు. "నువ్వడుగు" అన్నాడు నాతో, నెమ్మదిగా.

అత్తయ్యకి కోపం వస్తే అరవదు. చేట తీసుకుని బియ్యం ఏరుతుంది. రాళ్ళు లేని బియ్యం కూడా ఏరుతుంది. ఆ మధ్యాహ్నమంతా ఏరింది. నేను పక్కన కూర్చుని నేనూ ఏరాను. ఏం అనాలో తెలియక ఏడుపు వచ్చేసింది.

"అత్తయ్యా, ఆయన వెళ్ళిపోతే నేనుండలేను" అన్నాను. ఎన్ని మాటలు తయారుచేసుకున్నానో, అన్నీ పోయి అదొక్కటే వచ్చింది.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. చాలాసేపు కొండ వైపు చూసింది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మీ, బండి తోసీవోళ్ళు ఎటుపక్క నిలబడతారు?"

"వెనకే గదా అత్తయ్యా."

"మరి ఇన్నాళ్ళూ సామిని ముందర నిలబెట్టీసి, బండి తొయ్యి సామీ తొయ్యి సామీ అంటే ఆయన మాత్రం ఏటి సేత్తాడు? ముందర నిలబడి తోస్తే ఎనక్కే పోతాది. అందుకే డీజిల్ కూడా ఎనక్కి పోనాది." చేట పక్కన పెట్టి లేచింది. "తిప్పీమను."

నేను ఏడుస్తూనే నవ్వేశాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. నిజంగానే అన్నది. సాయంత్రం లారీని ముక్కు పల్లానికి తిప్పి పెట్టాం. ఆవిడే రాళ్ళు చూపించి పెట్టించింది. గొంగళి కప్పబోతే వద్దంది. బ్యాటరీని కూడా లారీలోనే ఉంచేశారు. ఎన్నాళ్ళకో నా వంటిల్లు నాకు దక్కింది.

సోమవారం తెల్లారింది. బాగా మంచు కురిసి, లారీ అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. బ్రోకరు మఫ్లరు చుట్టుకుని స్కూటరు మీద దిగాడు. రాగానే బానెట్ మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉందని తల ఊపాడు. వీధిలో వాళ్ళందరూ వచ్చారు. ఎందుకైనా మంచిదని వెనక చేరి చేతులు ఆనించారు. మా ఆయన వాళ్ళ మధ్య నిలబడ్డాడు. ఆ చివర, తెల్ల చొక్కా బాబాయిగారి పక్కన, ఎవరో కొత్త మనిషి. చూద్దును గదా, మా అత్తయ్య! కోడలు తోస్తే పోయే పరువు అత్త తోస్తే పోదు కాబోలు. కొంగు బిగించి, పసుపు చేతులు లారీ వెనక చెక్కకి ఆనించి నిలబడింది. ఆవిడ వెనక కొండ.

నేను ఎక్కి కూర్చున్నాను. కాళ్ళకి చెప్పులు కూడా లేవు, ఇనుము జివ్వుమంది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ, బాబాయిగారి దేవుడికి కూడా దణ్ణం పెట్టుకున్నాను. తాళం తిప్పాను.

గర్... అంది. తాళం అలాగే పట్టుకున్నాను. బుర్రుమని లేచింది.

వెనక ఒకటే గోల. నేను కంగారులో బ్రేకు మీద కాలు ఆనించి ఇటూ అటూ చూస్తున్నాను. మా ఆయన పరిగెత్తుకొచ్చి తలుపు తెరిచాడు. ఆయన మొహంలో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! నేను రోజూ అలవాటు ప్రకారం దిగబోయాను.

"దిగకు. జరుగు" అన్నాడు.

జరిగాను. ఆయన ఎక్కి గేరు వేశాడు. బ్రోకరు కిటికీ పక్కన పరిగెడుతున్నాడు. "ఏటి బావా, బేరం సంగతేటి? ఇలాటి ఇంజనైతే రేటు నానే పెంచుతాను!"

"ఏ బేరం?" అన్నాడు మా ఆయన. "నాకు లేటైపోతంది బావా, అమ్మ టీ ఇత్తాది, తాగీసి ఎల్లు."

లారీ కదిలింది. పక్క అద్దంలో చూశాను. తోయడానికి వచ్చినవాళ్ళందరూ చేతులు చాపుకుని అలాగే ఉన్నారు. బాబాయిగారు చప్పట్లు కొడుతున్నాడు. అత్తయ్య మటుకు మా వైపు చూడడం లేదు. వెనక్కి తిరిగి, పైకి చూస్తూ, రెండు చేతులూ జోడించి ఉంది.

మెయిన్ రోడ్డు ఎక్కాం. మంచులో చెట్లు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. "ఎక్కడికండీ?" అన్నాను.

"పోర్టుకి. ఓడలు సూత్తానన్నావు గదా."

"చెప్పులు కూడా లేవండీ నాకు!"

"ఓడకి మాత్రం ఉన్నాయేటి?"

అడగాలా వద్దా అనుకుంటూ, పెందుర్తి దాటాక అడిగేశాను. "ఇంక లైనుకి వెళ్ళరుగా?"

ఆయన రోడ్డు వంకే చూస్తూ, అలవాటుగా కిటికీలోంచి తల బయటికి పెట్టబోయి, నేను పక్కనే ఉన్నానని గుర్తొచ్చి ఇటు తిరిగాడు.

"సాయంత్రం ఏటి కూర?" అన్నాడు.

నాకు ఒక్క కూర పేరు కూడా గుర్తు రాలేదు.